స్పెయిను దేశపు దక్షిణతీరము

వైశాఖ జ్యేష్ఠ మాసములయందు మధ్యాహ్నమైనతోడనే తలుపులు మూసికొని కూర్చుండు మనకు, ఎండను వెదకికొనుచు వేయిమైళ్లు పోవు జనులున్నారనిన వింతగా తోచును. కాని యూరపు ఖండమున ఉత్తరదేశములవారి స్థితి వేఱు. స్వీడను, ఇంగ్లండు, జర్మనీ మున్నగు దేశములలో చలికాలమున మూడు నాలుగు గంటలకే ప్రొద్దు గ్రుంకును. దినముల తరబడి మబ్బు విడువదు. అట్టివారికి సెలవులనిన సూర్యదర్శనమే. అందులకై వారు పోవు స్థలములలో మిక్కిలి ప్రసిద్ధమైనది స్పెయిను దేశపు దక్షిణతీరము. అందొక భాగమునకు 'కోస్తా దెల్ సోల్' అని పేరు; అనగా సూర్యతీరము. మనము కోస్తా జిల్లాలనునపుడు వాడు 'కోస్తా' పదమును ఈ పదమునకు చుట్టమే. అది పోర్చుగీసువారివలన మనకు వచ్చినది.

విద్యార్థులు భూపటము తెఱచి చూడవలెను. స్పెయినుకు దక్షిణపుకొనయందు జిబ్రాల్టరు కొండ కలదు. అచ్చటినుండి తూర్పుగా, మధ్యధరాసముద్రపు టొడ్డున అల్మేరియా పట్టణము వఱకు గల తీరమునుగూర్చియే మేమిచ్చట వ్రాయుచున్నాము. తీరము వెనుక గోడ కట్టినట్లు కొండలు నిలిచియున్నవి. వానిలో సియెరా నెవాడా పర్వతములు మిక్కిలి యెత్తైనవి. ముల్హసేన్ శిఖరము సుమారు 3,480 మీటర్లు. సముద్రమునుండి సూటిగా కొలిచిన నలువది కిలోమీటర్ల లోపుననే ఆ మంచుకొండ యున్నది. ఉత్తరపు చలిగాలులను ఈ కొండలు చాలవఱకు ఆపివేయును. వేసవిలో అధిక వాయుపీడనమండలము ఉత్తరమునకు జరిగి ఈ ప్రాంతమును క్రమ్ముకొనుటచేత వానమబ్బులు దరిచేరవు. వర్షమంతయు శరత్తు మొదలు వసంతము వఱకు గల నెలలలోనే కురియును. మనకు ఎండకాలము వెనుక వానకాలము వచ్చుచుండగా, వారికి చలికాలమే వానకాలము. మాలగా పట్టణమున ఏటికి సుమారు 2,900 గంటల యెండ కాయునని లెక్క. వాన మాత్రము అన్నిచోట్ల నొక్కతీరున లేదు. పడమటి కొండలలోని గ్రాసలేమా గ్రామమున ఏటేట సుమారు 2,000 మిల్లీమీటర్లు కురియగా, తూర్పుకొనయందలి అల్మేరియాలో 200 మిల్లీమీటర్లు కురిసిన గొప్ప.

ఇంత యెండ గలచోట జనులు త్రాగుటకును పండించుటకును నీరెట్లు సంపాదించుకొనిరి? ఈ తీరపు పట్టణములను చూడబోవువారు ఈ యొక్క ప్రశ్నను వెంటబెట్టుకొని పోవుట మంచిదని మా యభిప్రాయము. ఇసుకమీద పండుకొని వచ్చువారికి ఇది తోచదు.

మొదట మాలగాను చూతము. క్రీస్తుపూర్వము 8వ శతాబ్ది ప్రాంతమున ఫినీషియనులు, అనగా మనము బైబిలునందు తూరు సీదోనుల వారని చదువు వర్తకులు, ఇచ్చట రేవు కట్టి మలకా యని పేరిడిరి. యోనా ప్రవక్త పారిపోదలచిన తర్షీషు ఈ దక్షిణ స్పెయినే యని పలువురు పండితుల యూహ. తరువాత రోమనులు వచ్చి నాటకశాల కట్టిరి. అది మట్టిలో కప్పబడి, దానిపై ఇండ్లు లేచి, ఉన్నదన్న సంగతియే జనులు మఱచిన పిమ్మట, 1951లో మరల బయటపడెను. దానికి పైన మెట్టమీద అరబ్బులు కట్టిన కోట, ఆవలి కొండమీద మఱియొక కోట, క్రింద క్రైస్తవ దేవాలయము; ఇన్నియు ఒక్క గడియ నడకలో చూడవచ్చును. ఆ దేవాలయమునకు రెండు గోపురములు కట్టదలచి ఒకటియే పూర్తిచేసిరి గనుక ఊరివారు దానిని 'ఒంటిచేతి యామె' యని ముద్దుగా పిలుతురు. చిత్రకారుడు పికాసో 1881లో ఈ యూరనే పుట్టెను. పునరుత్థాన పండుగకు ముందటి వారమున ఇచ్చటి సంఘములవారు బరువైన ప్రతిమాపీఠములను భుజములమీద మోయుచు వీధులలో ఊరేగుదురు. ఆ సందర్భమున ఒక సంఘమువారి ప్రార్థనమీద ఒక ఖైదీని విడుదల చేయుట పూర్వాచారము.

క్రీ.శ. 711లో తారిక్ అను సేనాని ఆఫ్రికానుండి దాటివచ్చి దిగిన కొండయే జిబ్రాల్టరు. ఆ పేరే 'జబల్ తారిక్', అనగా తారిక్ కొండ, అను మాటనుండి వచ్చినది. ఆనాటినుండి దాదాపు ఎనిమిది శతాబ్దములు ఈ తీరము ముసల్మానుల యేలుబడిలో నుండెను. నీటినిగూర్చిన విద్యలో వారు కడు నేర్పరులు. రోమనులును అల్మున్యేకర్ అను ఊరికి రాతి కమానులమీదుగా నీరు తెచ్చియుండిరి. ఆ కమానులు నేటికిని నిలిచియున్నవి. కాని కొండలనిండ సన్నని కాలువలు త్రవ్వి, పొలము పొలమునకు వంతు లేర్పఱచి పంచుకొను పద్ధతి యంతగా వ్యాపించినది అరబ్బుల కాలమున. కాలువకు స్పెయినువారు నేడు వాడు 'అసేకియా' యను మాటయు అరబ్బీయే.

వీనిలో ఒక తెగ కాలువలు మిక్కిలి విచిత్రమైనవి. వసంతమున మంచు కరిగి నీరు సమృద్ధిగా నున్నపుడు, దానిని పొలములకు గాక, కొండపైన నేల పగుళ్లు గలచోట్లకు మరలించి భూమిలోనికి ఇంకనిత్తురు. ఆ నీరు కొండ గర్భమున మెల్లమెల్లగా దిగి, వాన చుక్కయైన రాని జూలై ఆగష్టు మాసములకు క్రింది గ్రామములయందు ఊటలుగా పైకి వచ్చును. ఇనుపగొట్టము లేదు, యంత్రము లేదు. కొండయే వారికి చెఱువు. చెఱువుల క్రింద సేద్యము చేయు మన రైతులకు ఈ యుపాయము తెలిసిన ఎంతయో మెచ్చుకొందురు.

గ్రెనడా నగరమందలి అల్హంబ్రా రాజభవనము ఈ జలవిద్యకు కిరీటము. దర్రో నదిని ఎగువన ఎత్తైనచోట అడ్డగించి, రాజకాలువ ద్వారా నీటిని కొండమీది కోటలోనికి తెచ్చిరి. పండ్రెండు రాతి సింహములు మోయుచున్న తొట్టె, అద్దమువలె నిశ్చలముగా నుండు కోనేరు, మెట్ల ప్రక్కన గలగల పాఱు జల, ఇవన్నియు ఆ యొక్క కాలువ పెట్టిన భిక్ష.

నీటి వెంట పంటలు వచ్చినవి. మన దేశమునుండి చెఱకు పారసీకము మీదుగా అరబ్బుల చేతబడి, 10వ శతాబ్దము నాటికి ఈ తీరమున మొలచెను. మన సంస్కృతపు 'శర్కర' అరబ్బీలో 'సుక్కర్' అయి, స్పెయినున 'అసూకర్' ఆయెను. మన నారింజ వారికి 'నరాన్హా'. మోత్రిల్, సలోబ్రేన్యా ఊళ్ల చుట్టును వేయేండ్లకు పైగా చెఱకు పండెను. కడపటి పంచదార మిల్లు 2006లో మూతపడెను. నెర్హా యొద్ద నొక లోయమీద నాలుగు అంతస్తుల కమానులతో గట్టిన అందమైన కాలువవంతెన యున్నది. చూచినవారెల్లరు రోమనులదని భ్రమింతురు. అది 19వ శతాబ్దమున ఒక చెఱకు మిల్లుకు నీరు తెచ్చుటకు కట్టినది.

ఈ వైభవమునకు ప్రక్కన వ్రాయవలసిన మాట యొకటి కలదు. 1487లో స్పెయిను రాజదంపతులు ఫెర్డినాండు ఇసబెల్లాలు మూడు మాసములకు పైగా మాలగాను ముట్టడించి, ఆకలితో లొంగిన ఊరివారిలో అత్యధికులను బానిసలుగా పంచుకొనిరి. 1492 జనవరిలో గ్రెనడా లొంగెను. ఆ సంవత్సరముననే యూదులు దేశమునుండి వెడలగొట్టబడిరి. 1609 మొదలు 1614 లోపల, మతము మార్చుకొన్న ముసల్మానుల సంతతివారిని సైతము ఓడలెక్కించి పంపివైచిరి. క్రీస్తు నామమున జరిగినదని దీనిని దాచుట మాకు సమ్మతము కాదు. మా తరగతులలోను దీనిని ఉన్నదున్నట్లే చెప్పుచున్నాము.

నెర్హాలో విద్యార్థులకు ప్రియమైన కథ యొకటి యున్నది. 1959 జనవరిలో అయిదుగురు కుఱ్ఱవాండ్రు గబ్బిలముల వెంటబడి యొక సందులో దూరి, లోపల మహాగుహను కనుగొనిరి. భయపడి ఇంటికి పరుగెత్తి, ఆ సంగతి తమ యుపాధ్యాయునకును చెప్పిరి. ఆ గుహలో పైకప్పునుండి కాఱు నీటిచుక్కలవలన ఏర్పడిన సున్నపుస్తంభ మొకటి 32 మీటర్ల యెత్తున్నది. ఆదిమానవులు గీచిన చిత్రములును కలవు.

నెర్హా మీదుగా తూర్పునకు పోవు సముద్రపుటొడ్డు బాట నేడు ఎంతయో రమ్యము. 1937 ఫిబ్రవరిలో, అంతర్యుద్ధకాలమున, మాలగా విడిచి అల్మేరియాకు కాలినడకను పాఱిపోవుచున్న వేలకొలది స్త్రీబాలవృద్ధులపై ఓడలును విమానములును ఈ బాటమీదనే గుండ్లు కురిపించెను. కెనడా దేశపు వైద్యుడు నార్మన్ బెత్యూన్ రక్తము మోసికొనివచ్చిన తన బండిని ఖాళీ చేసి, పిల్లలను ఎక్కించుకొని దినముల తరబడి తరలించెను.

కొండలలోని రోండా పట్టణమును విడువరాదు. ఊరిని రెండుగా చీల్చిన అగాధముపై 1793లో ముగిసిన రాతివంతెన సుమారు 98 మీటర్ల యెత్తు. క్రిందికి చూచిన కన్నులు తిరుగును.

ఇక నేటి సంగతి. టోరెమొలినోస్ అనగా బురుజు, మరలు గల ఊరు. అచ్చటి ఊటల వేగముతో తిరిగిన పిండిమరలవలన ఆ పేరు వచ్చెను. 20వ శతాబ్దపు పూర్వభాగమున ఆ ఊటలను మాలగా పట్టణపు త్రాగునీటికై తీసికొనిపోగా మరలు ఆగినవి. 1950 తరువాత ఆ చేపలపల్లె యంతయు హోటళ్లయ్యెను. 2024లో స్పెయినుకు వచ్చిన విదేశీయులు సుమారు 9 కోట్ల 40 లక్షలు. ఆ దేశపు జనసంఖ్య 5 కోట్లకు లోపే. వచ్చువారివలన లక్షల కుటుంబములు జీవించుచున్నవి. అది చిన్న మేలు కాదు. కాని ఇండ్లను సెలవులవారికి దినముల లెక్కన అద్దెకిచ్చుట లాభకరమగుటచేత, ఆ హోటళ్లలో పని చేయువారికే ఊరిలో ఇల్లు దొరకుట దుర్లభమైనది. 2024 జూను మాసమున మాలగా ప్రజలు వేలకొలదిగా వీధులలోనికి వచ్చి తమ కష్టమును చాటిరి. ఆ యేటి ఆరంభమున, అనావృష్టివలన, ఈ ప్రాంతమున కెల్ల పెద్దదైన వినుయేలా జలాశయములో పదింట నొక వంతు నీరైన లేదు. 2025 వసంతపు వానలు దానిని కొంతవఱకు కోలుకొనజేసెను.

ఇట్టి తరుణమున గ్రెనడా విశ్వవిద్యాలయపు పరిశోధకులు గ్రామస్థులతోను విద్యార్థులతోను కలిసి, పూడిపోయిన పూర్వపు కొండకాలువలను గడ్డపాఱలతో త్రవ్వి బాగుచేయుచున్నారు. 2014 మొదలు ఈ పని సాగుచున్నది.

పోదలచినవారు జూలై ఆగష్టులను మాని, ఏప్రిలు మే లందు గాని శరత్తున గాని పోవుట మేలు. ఊరివారికి నీరును చోటును కొంత మిగులును. ప్రయాణికులకు వ్యయమును తగ్గును. చెఱకు పోయిన పొలములలో నేడు మన మామిడి కాచుచున్నది. అది మనవలె వేసవిలో గాక సెప్టెంబరు నుండి నవంబరు లోపల పండునట.