స్టోరేజ్ అర్రే – నిర్వహణ సర్వర్ అనుసంధానం: తెలుగు డిజిటల్ భాండాగారాల దృష్టితో ఒక వివరణ

వ్యాససంగ్రహం

తాళపత్రాల, అచ్చు పుస్తకాల ప్రతిబింబాలు నేడు సర్వర్లలో నిల్వ ఉంటున్నాయి. ఆ నిల్వకు ఆధారమైన స్టోరేజ్ అర్రేను, వర్చువల్ మెషీన్లను పర్యవేక్షించే నిర్వహణ సర్వర్‌తో కలిపే విధానాన్ని గోదావరి డెల్టా కాలువల వ్యవస్థతో పోల్చి వివరించడం, ఆ అనుసంధానం ఇచ్చే రక్షణను, ఇవ్వని రక్షణను వేరుచేసి చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: స్టోరేజ్ అర్రే, వీసెంటర్, వర్చువల్ మెషీన్, డిజిటల్ పరిరక్షణ, కోనసీమ.

1. ఉపోద్ఘాతం

మలికిపురం గోదావరి పాయలైన వసిష్ఠ, వైనతేయల నడుమ, సముద్రానికి చేరువలో ఉన్న ఊరు. 1986 ఆగస్టు వరదలు, 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమ మరచిపోలేని ఘటనలు. ఇటువంటి నేలమీద తాటాకుకూ కాగితానికీ తేమ, చెద, వరద నిత్యశత్రువులు. కనుక పాత గ్రంథాలను స్కాన్ చేసి భద్రపరచాలనే మాట సహజంగానే వస్తుంది. అయితే స్కాన్ చేసిన ప్రతి ఎక్కడ ఉంటుంది, ఏ దారిన చదువరిని చేరుతుంది, ఆ దారి తెగితే ఏమవుతుంది అన్న ప్రశ్నలు సాహిత్య పరిశోధకుల దృష్టికి అరుదుగా వస్తాయి.

2. వ్యవస్థలోని మూడు అంగాలు

మొదటిది స్టోరేజ్ అర్రే. ఇది అనేక డిస్కులను ఒకే నిల్వగా కూర్చే యంత్రం. ఒక డిస్కు చెడినా సమాచారం నిలిచేలా పలు డిస్కులపై పంచి రాసే ‘రెయిడ్’ పద్ధతిని 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ తమ పరిశోధన పత్రంలో ప్రతిపాదించారు. నేడు వాడుకలో ఉన్న రెయిడ్-6 ఒకేసారి రెండు డిస్కులు చెడినా తట్టుకుంటుంది.

రెండవది హోస్ట్ సర్వర్. ఒకే యంత్రంపై అనేక వర్చువల్ మెషీన్లు నడిచేది ఇక్కడే. మూడవది నిర్వహణ సర్వర్. 1998లో స్థాపితమైన వీఎంవేర్ సంస్థ రూపొందించిన వీసెంటర్ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

3. నీటి దారి – ఆజ్ఞ దారి

ఈ మూడింటి సంబంధాన్ని గ్రహించడానికి కోనసీమలోనే ఉపమానం ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నిలిచిన నీరు కాలువల్లోకి మళ్లుతుంది. గన్నవరం అక్విడక్టు వైనతేయ పాయ మీదుగా దానిని దాటించి, అవతలి లంక పొలాలకు అందిస్తుంది. ఏ కాలువకు ఎంత నీరు వదలాలో నీటిపారుదల శాఖ కార్యాలయం నిర్ణయిస్తుంది. కాని నీరు ఆ కార్యాలయం గుండా ప్రవహించదు.

ఇక్కడ ఆనకట్ట స్టోరేజ్ అర్రే, పొలం హోస్ట్ సర్వర్, కార్యాలయం వీసెంటర్. సమాచారం అర్రే నుండి హోస్ట్‌కు నేరుగా ప్రవహిస్తుంది. వీసెంటర్ ఆజ్ఞలను, పర్యవేక్షణను మాత్రమే నెరవేరుస్తుంది. అందువల్ల వీసెంటర్ ఆగినా అప్పటికే నడుస్తున్న వర్చువల్ మెషీన్లు ఆగవు. కేంద్రస్థానం నుండి జరిగే నిర్వహణ మాత్రమే నిలిచిపోతుంది. అర్రేకు, హోస్ట్‌కు నడుమ ఉన్న దారి తెగితే మాత్రం గ్రంథాలయమే మూగబోతుంది. ఈ కారణంగానే రెండు కంట్రోలర్లు, రెండు స్విచ్‌లు, రెండు కేబుల్ దారులు ఏర్పాటు చేస్తారు.

4. అనుసంధాన క్రమం

4.1. ముందుగా అన్ని యంత్రాల గడియారాలు, నెట్‌వర్క్ పేర్లు సరిపోలాలి. గడియారాలు తప్పితే భద్రతా సర్టిఫికెట్ చెల్లకపోవచ్చు.

4.2. ఐస్కసీ పద్ధతిలో ప్రతి హోస్ట్‌కు ఒక విశిష్టనామం ఉంటుంది. దానిని అర్రేలో నమోదు చేసి, నిల్వలో కేటాయించిన భాగాన్ని, అంటే ‘లన్’ను, ఆ పేరుకు అప్పగిస్తారు.

4.3. వీసెంటర్ ద్వారా హోస్ట్‌లలో రీస్కాన్ చేస్తే లన్ కనబడుతుంది. దానిపై వీఎంఎఫ్‌ఎస్ పద్ధతిలో డేటాస్టోర్ సృష్టిస్తారు. ఈ దశలో పొరపాటున, అప్పటికే సమాచారం ఉన్న లన్‌ను ఎంచుకుంటే అది చెరిగిపోతుంది. కనుక లన్ గుర్తింపు సంఖ్యను అర్రేలోని సంఖ్యతో సరిచూసుకున్న తరువాతే ముందుకు సాగాలి.

4.4. చివరగా అర్రే తన స్థితిగతులను వీసెంటర్‌కు తెలిపేందుకు ‘వాసా ప్రొవైడర్’ను నమోదు చేస్తారు. దానికి చిరునామా, పరిమిత అధికారాలు గల ఖాతా, నమ్మదగిన సర్టిఫికెట్ అవసరం. సాధారణ డేటాస్టోర్ ఇది లేకున్నా పనిచేస్తుంది. అర్రే సామర్థ్యాలను వీసెంటర్ గ్రహించి, వాటికి అనుగుణంగా నిల్వ విధానాలను అమలు చేయడానికి ఇది తోడ్పడుతుంది.

5. అనుసంధానం ఇవ్వని రక్షణ

రెయిడ్ డిస్కు వైఫల్యం నుండి కాపాడుతుంది గాని, మనిషి పొరపాటు నుండి కాపాడదు. తొలగించిన ఫైలు అన్ని డిస్కులలోనూ తొలగిపోతుంది. వర్చువల్ మెషీన్ స్నాప్‌షాట్ సైతం మూల డిస్కుపైనే ఆధారపడుతుంది. దానిని ప్రత్యేక ప్రతిగా భావించరాదు. యంత్రాలున్న గదిలోకే వరద వస్తే ఇవన్నీ కలిసే మునుగుతాయి.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఇందుకు మంచి ఉదాహరణ. తెలుగువారైన ఆచార్య రాజ్‌రెడ్డి చొరవతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన మిలియన్ బుక్ ప్రాజెక్టుతో ముడిపడిన ఈ కృషిలో అనేక తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ చేరడం వలన చదువరి ఒకే భాండాగారంపై ఆధారపడవలసిన అవసరం తగ్గింది.

6. ముగింపు

ఆజ్ఞ దారి, సమాచార దారి వేర్వేరని గుర్తించడం ఈ అనుసంధానానికి మూలసూత్రం. సమాచార దారిని రెండుగా ఏర్పరచడం, లన్‌ను సరిచూసుకోవడం, ఆజ్ఞ దారికి పరిమిత అధికారాలివ్వడం నిర్వాహకుల బాధ్యతలు. తీరానికి దూరంగా మరొక ప్రతిని ఉంచి, దానిని అప్పుడప్పుడు తెరిచి పరీక్షించమని కోరడం గ్రంథాలను అప్పగించే సంస్థల, పరిశోధకుల బాధ్యత. ఏకైక తాళపత్రం శిథిలమైన తరువాత, దాని డిజిటల్ ప్రతే మూలప్రతి అవుతుంది.