కప్పుపై రాసిన పేరు ఎందుకు చెరిగిపోతుంది?

తెల్లని పింగాణీ కప్పుపై పర్మనెంట్ మార్కర్‌తో పేరు రాస్తే నాలుగు రోజుల్లో చెరిగిపోతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో కొండగావ్ కుమ్మరులు చేసే మట్టి ఏనుగుల ఎరుపు మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. కారణం వేడి.

కుమ్మరులు ఆరిన పచ్చి బొమ్మకు ఎర్రమట్టి నీళ్లు పూసి, ఆవంలో కాలుస్తారు. ఆ ఎరుపు ఇనుప ఆక్సైడ్‌ది. దాదాపు 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో మట్టి, పూత కలిసి గట్టిపడతాయి.

పింగాణీ కప్పు మెరుపు నిజానికి పలుచని గాజు పొర. అందులోకి సిరా ఇంకదు. కర్మాగారాల్లో గాజుపొడి కలిపిన రంగుతో బొమ్మ వేసి, 700-850 డిగ్రీల వద్ద కాలుస్తారు. అప్పుడది గాజు పొరతో కరిగి అతుక్కుంటుంది. ఇంటి ఓవెన్ సాధారణంగా 250 డిగ్రీలు దాటదు.

మరి ఇంట్లో ఎలా? పింగాణీ కోసమే తయారైన పెయింట్ మార్కర్ వాడాలి. అందులోని జిగురు పదార్థం సుమారు 150 డిగ్రీల వద్ద గట్టిపడుతుంది.

• కప్పును సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడవాలి.
• బొమ్మ వేసి, ఒక రోజు ఆరనివ్వాలి.
• చల్లని ఓవెన్‌లో పెట్టి, ఆ తర్వాతే వేడి చేయాలి. వేడి, సమయం ప్యాకెట్‌పై ఉన్నట్టే పాటించాలి.
• ఓవెన్‌లోనే చల్లారనివ్వాలి. వేడి ఒక్కసారిగా మారితే కప్పు పగులుతుంది.

మైక్రోవేవ్, గ్యాస్ మంట ఇందుకు పనికిరావు.

కొన్ని రంగుల్లో సీసం, కాడ్మియం ఉంటాయి. నిమ్మరసం వంటి పుల్లని పానీయాల్లోకి అవి దిగవచ్చు. అందుకే కప్పు లోపల, పెదవి తగిలే అంచు దగ్గర రంగు వేయకూడదు. మెత్తని గుడ్డతో కడిగితే పేరు చాలాకాలం నిలుస్తుంది. పీచుతో గట్టిగా తోమితే మాత్రం క్రమంగా అరుగుతుంది.