పది నెలల పెద్దరికం

సున్నంతో గీసిన గీతలు, గోడకు అతికించిన టేపు, పీఈటీ సార్ చేతిలో స్టాప్‌వాచ్. వరసలో నిలబడి తమ పేరు కోసం చెవులు రిక్కించే ఎనిమిదేళ్ల పిల్లలు. బర్త్ సర్టిఫికెట్, బోనఫైడ్ కవర్లో పెట్టుకుని చెట్టు నీడన ఎదురుచూసే అమ్మానాన్నలు. క్రీడా పాఠశాల ఎంపికల రోజున మన మండల కేంద్రాల్లో కనిపించే దృశ్యం ఇది. హుజూర్‌నగర్ పిల్లలు మండలంలో నెగ్గితే సూర్యాపేటకు, జిల్లాలో నెగ్గితే రాష్ట్ర స్థాయికి వెళ్తారు. అక్కడా నెగ్గినవారికి నాలుగో తరగతిలో సీటు దొరుకుతుంది. 1993లో మొదలైన హకీంపేట క్రీడా పాఠశాలకు దారి ఇదే.

ఆ ఒక్క పూటలో పిల్లల్లోని ఆటగాళ్లు నిజంగా బయటపడతారా? శరీర విజ్ఞానం చెప్పే జవాబు: కొందరు బయటపడతారు, కొందరు దాగిపోతారు. దాగిపోయేవాళ్ల గురించే మనం ఆలోచించాలి.

ఏ పరీక్ష దేన్ని కొలుస్తుంది?

ఎత్తు, బరువు చూస్తారు. 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్‌లో పిల్లలు ముందే వేగం అందుకుని గీత దాటతారు కాబట్టి అది అసలు వేగాన్ని చూపుతుంది. నిలబడిన చోటి నుంచి ముందుకు దూకే బ్రాడ్ జంప్, పైకి ఎగిరే వర్టికల్ జంప్ కాళ్ల కండరాలు ఎంత చురుగ్గా బలాన్ని విడుదల చేస్తాయో చెబుతాయి. షటిల్ రన్ ఆగి, తిరిగి, మళ్లీ పరిగెత్తే నేర్పును, మెడిసిన్ బాల్ విసరడం భుజాలు, నడుము బలాన్ని, 800 మీటర్ల పరుగు గుండె, ఊపిరితిత్తుల దమ్మును కొలుస్తాయి. నడుము వంచే పరీక్ష ఒంటి వంపును చూపుతుంది.

పరీక్షలు మంచివే. ఇలాంటివి ప్రపంచమంతా వాడుతోంది. చిక్కు వాటిలో లేదు, ఆ అంకెలను మనం చదివే తీరులో ఉంది.

ఇద్దరు పిల్లలను ఊహించుకోండి. ఒకడికి ఎనిమిదేళ్లు నిండి నెల అయింది, అంటే 97 నెలలు. ఇంకొకడికి తొమ్మిదేళ్లు నిండటానికి నెల ఉంది, అంటే 107 నెలలు. కాగితం మీద ఇద్దరికీ ఎనిమిదేళ్లే. కానీ రెండోవాడు మొదటివాడి కంటే పదో వంతు ఎక్కువ కాలం బతికాడు. ఈ వయసులో పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. అంటే పది నెలల పెద్దరికమే దాదాపు నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు తెచ్చిపెడుతుంది. ఎత్తుతోపాటు అడుగు పొడవు, దూకే దూరం, బంతి విసిరే బలం కూడా పెరుగుతాయి. చూసేవాళ్లు దాన్ని ప్రతిభ అనుకుంటారు.

కెనడా ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలను 1985లో రోజర్ బార్న్స్‌లీ బృందం పరిశీలించింది. అక్కడ వయసు లెక్క జనవరి 1తో మొదలవుతుంది. పై స్థాయి జట్లలో ఏడాది తొలి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ, చివరి నెలలవాళ్లు తక్కువ అని తేలింది. తరవాత ఫుట్‌బాల్‌తో సహా ఎన్నో ఆటల్లో ఇదే కనబడింది. చిన్నప్పుడు పెద్దగా కనిపించినవాడికి మంచి కోచ్, మంచి తిండి, ఎక్కువ మ్యాచ్‌లు దొరుకుతాయి. దాంతో అతను నిజంగానే మెరుగవుతాడు. మొదట వయసు తెచ్చిన తేడాను తరవాత శిక్షణ స్థిరపరుస్తుంది.

మన పల్లెల్లో ఇంకో ముడి ఉంది. బడిలో వేసేటప్పుడు పుట్టిన తేదీ తెలియక జూన్‌లో ఏదో ఒక తేదీ రాయించడం పాత అలవాటు. అందుకే ఒకే తరగతి రిజిస్టర్లో చాలామంది జూన్‌లో పుట్టినట్టు కనిపించేది. తేదీయే ఉజ్జాయింపు అయితే పది నెలల తేడాను ఎవరు లెక్కిస్తారు? క్రికెట్ బోర్డు అండర్-16 ఆటగాళ్లకు మణికట్టు ఎక్స్‌రే తీసి, టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎముకల ఎదుగుదలను అంచనా వేస్తుంది. అది కూడా చెప్పేది ఒంటి పరిపక్వతనే, పుట్టిన రోజును కాదు.

ఇక ఎదుగుదల జోరందుకునే వయసులో తేడా మరింత పెరుగుతుంది. ఆడపిల్లలు సుమారు 12 ఏళ్లకు, మగపిల్లలు సుమారు 14 ఏళ్లకు ఒక్కసారిగా ఎదుగుతారు. కొందరికి ఇది ఏడాదో రెండేళ్లో ముందు వస్తుంది, కొందరికి అంతే ఆలస్యంగా వస్తుంది. ఆలస్యంగా ఎదిగేవాళ్లను వదులుకోకూడదనే బెల్జియం ఫుట్‌బాల్ సంఘం వాళ్లకోసం ప్రత్యేక జట్లు నడుపుతోంది.

పద్దెనిమిదేళ్లకైనా కచ్చితంగా తెలుస్తుందా?

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ను చూద్దాం. కోడిగుడ్డు ఆకారపు మైదానంలో జట్టుకు 18 మంది చొప్పున ఆడే ఆట అది. అక్కడి లీగ్ 1986 నుంచి ఏటా డ్రాఫ్టు నిర్వహిస్తోంది. అందులో క్లబ్బులు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకుంటాయి, పట్టికలో అడుగున ఉన్న జట్టుకు ముందు వంతు. దానికి ముందు కుర్రాళ్లకు 20 మీటర్ల పరుగు, ఒడుపు, పైకి ఎగరడం, 2 కిలోమీటర్ల పరుగు వంటి పరీక్షలు పెడతారు. వేగాన్ని ఎలక్ట్రానిక్ గేట్లతో కొలుస్తారు. ఏళ్ల తరబడి మ్యాచ్‌లు చూసిన స్కౌట్లు ఉంటారు.

అయినా 1990లో జేమ్స్ హర్డ్‌ను ఎసెండన్ క్లబ్బు 79వ ఎంపికగా తీసుకుంది. అతనే 1996లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకాన్ని మరొకరితో పంచుకున్నాడు, 2000లో కెప్టెన్‌గా జట్టును విజేతగా నిలిపాడు. 2001లో 58వ ఎంపికైన డేన్ స్వాన్‌కు 2011లో అదే పతకం దక్కింది. అంత సరంజామాతో పద్దెనిమిదేళ్లవాళ్లను చూసే కళ్లే పొరబడితే, ఎనిమిదేళ్ల పిల్లలపై ఒక్క పూటలో ఇచ్చే తీర్పును ఎంత వినయంగా చదవాలి!

మన దగ్గర వేలితో నొక్కే స్టాప్‌వాచ్‌లే ఎక్కువ. సెకనుకు 6 మీటర్లు పరిగెత్తే పిల్లల విషయంలో, నొక్కడంలో 0.2 సెకను తేడా వస్తే 1.2 మీటర్ల తేడా వచ్చినట్టే. ఒక్కోసారి ఎంపికైనవాళ్లకూ కానివాళ్లకూ మధ్య దూరం అంతకన్నా తక్కువే.

ఒక నోటుబుక్కు చాలు

ఈ పొరపాట్లను తగ్గించడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. మొదటిది, పిల్లల వయసును ఏళ్లలో కాక నెలల్లో రాయాలి. రెండోది, మూడు నెలలకోసారి, పొద్దుటిపూట, చెప్పులు లేకుండా, అదే గోడ దగ్గర ఎత్తు కొలవాలి. సాయంత్రానికి మనిషి ఎత్తు సుమారు సెంటీమీటరు తగ్గుతుంది కాబట్టి వేళ మారకూడదు. మూడోది, అమ్మానాన్నల ఎత్తు రాసుకోవాలి. ఆ రెండింటి సగటుకు అబ్బాయికైతే 6.5 సెంటీమీటర్లు కలిపి, అమ్మాయికైతే తీసేస్తే పెద్దయ్యాక ఎంత ఎత్తు రావచ్చో ఉజ్జాయింపు తెలుస్తుంది. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఓ కొత్త ఒడుపు నేర్పి, వారం తరవాత మళ్లీ చేయించి చూడాలి. ఎంత దూకారన్నది నేటి సంగతి, ఎంత త్వరగా నేర్చుకున్నారన్నది రేపటి సంగతి.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి పరుగును మొదట పోల్చుకున్నది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. తరవాత కోచ్ నాగపురి రమేశ్ చేతిలో ఆమె రాటుదేలింది. 2024లో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తిచేసి తన విభాగంలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. బడిలో పిల్లలను రోజూ చూసే కళ్లకున్న విలువ అది.

హుజూర్‌నగర్ పీఈటీలకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈసారి ఎంపిక జాబితా వచ్చాక, అందులో లేని పిల్లల పేర్లు కూడా నోటుబుక్కులో ఎక్కించండి. ప్రతి పేరు పక్కన ఒక తేదీ వేయండి: మళ్లీ కొలవాల్సిన తేదీ.