కొలెస్టరాల్ వారసత్వం: ఒకరికి పరీక్ష, ఇంటిల్లిపాదికీ హెచ్చరిక

పొగతాగే అలవాటైనా లేని వ్యక్తి 35 ఏళ్లకే గుండెపోటుకు గురైతే విధిని నిందించి ఊరుకోవడం మన సమాజంలో పరిపాటి. అటువంటి కుటుంబాలలో కొన్నింటిని వెంటాడుతున్నది విధి కాదు, ఒక జన్యులోపం. వంశపారంపర్య అధిక కొలెస్టరాల్‌గా వ్యవహరించే ఈ రుగ్మత సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుందని అంతర్జాతీయ అధ్యయనాలు అంచనా వేశాయి. ఈ లెక్కను వర్తింపజేస్తే 140 కోట్లకు పైగా జనాభాగల భారతదేశంలో బాధితులు 45 లక్షలు మించుతారు. వారిలో అత్యధికులకు ఆ సంగతే తెలియదు.

రక్తంలోని ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్టరాల్‌ను కాలేయకణాలు తమపై ఉండే గ్రాహకాల ద్వారా తొలగిస్తాయి. ఈ ప్రక్రియను వెలికితీసిన అమెరికన్ శాస్త్రవేత్తలు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. గ్రాహకానికి సంబంధించిన జన్యువు దెబ్బతింటే పుట్టినప్పటి నుంచే కొలెస్టరాల్ పేరుకుంటుంది. ఆహార నియమం ఒక్కటే దానిని అదుపు చేయజాలదు. తల్లిదండ్రులలో ఒకరికి లోపముంటే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం 50 శాతం.

పెద్దలలో ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 190 మిల్లీగ్రాములు దాటితే ఈ రుగ్మతను అనుమానించాలి. జన్యుపరీక్షలో లోపం నిర్ధారణ అయితే తోబుట్టువులలో, పిల్లలలో ఆ ఒక్క లోపం కోసమే వెదికితే సరిపోతుంది. నెదర్లాండ్స్ 1994లోనే ఇటువంటి కుటుంబ పరీక్షలను ప్రారంభించింది. భారత్‌లో అటువంటి జాతీయ కార్యక్రమమేదీ లేదు. అయితే లక్షణాలున్న పలువురిలో తెలిసిన లోపమేదీ బయటపడదు కనుక, జన్యుపరీక్ష ఫలితం చూసి చికిత్స మానుకోరాదు.

ఫలితం బీమాకు అడ్డు వస్తుందేమోనన్న సంశయమూ సహజమే. వంశపారంపర్య గుండెజబ్బు గల పాలసీదారునికి పరిహారం నిరాకరించిన వివాదంలో, జన్యు కారణాలతో ఆరోగ్యబీమాలో వివక్ష చూపడం రాజ్యాంగ విరుద్ధమని ఢిల్లీ హైకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. జన్యువ్యాధుల మినహాయింపు పేరిట క్లెయిములను తిరస్కరించరాదని బీమా నియంత్రణ సంస్థ మరుసటి నెలలో కంపెనీలను ఆదేశించింది. జన్యు వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం మాత్రం ఇంకా రాలేదు.

ఈ రుగ్మత చికిత్సకు మూలమైన స్టాటిన్ మాత్రలు నేడు దేశమంతటా చవకగా లభిస్తున్నాయి. చిన్న వయసులోనే చికిత్స ఆరంభిస్తే గుండెపోటు ముప్పు గణనీయంగా తగ్గుతుంది. అకాల గుండెపోటుతో ఆసుపత్రికి వచ్చే ప్రతి రోగి రక్తసంబంధీకులకూ కనీసం కొలెస్టరాల్ పరీక్ష చేయించడం ప్రభుత్వాలు తక్షణం చేపట్టదగిన కర్తవ్యం.