కంఠస్థం కాదు, నిర్ణయ సామర్థ్యమే కీలకం

న్యూఢిల్లీ: అమెరికాలో రిజిస్టర్డ్ నర్సులుగా పనిచేయగోరే భారతీయ నర్సులు ఎన్‌క్లెక్స్ పరీక్షలో ఉత్తీర్ణులు కావడం తప్పనిసరి. ఇందుకు పాఠ్యగ్రంథాలను కంఠస్థం చేయడం ఒక్కటే చాలదు. 2023 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన పరీక్షా ప్రణాళికలో అన్ని విభాగాలకన్నా అధికంగా, 15 నుంచి 21 శాతం ప్రశ్నలను 'సంరక్షణ నిర్వహణ'కు కేటాయించడం గమనార్హం.

నలుగురు రోగులలో ముందుగా ఎవరిని చూడాలి, ఏ పనిని సహాయకులకు అప్పగించవచ్చు అన్నవి ఈ విభాగంలోని ప్రశ్నలు. శస్త్రచికిత్స అనంతరం నొప్పితో ఉన్న రోగికన్నా ఊపిరి అందని రోగికే ప్రాధాన్యమివ్వాలి. స్నానం చేయించే పనిని సహాయకురాలికి అప్పగించవచ్చు గాని, రోగి పరిస్థితిని అంచనా వేసే బాధ్యత నర్సుదే. డాక్టరు ఆదేశాల కోసం వేచిచూడటానికే అలవాటుపడినవారు ఇక్కడే తడబడే అవకాశముంది.

కంప్యూటరుపై జరిగే ఈ పరీక్ష వ్యవధి ఐదు గంటలు. ప్రశ్నలు కనిష్ఠంగా 85, గరిష్ఠంగా 150. సమాధానాలను బట్టి ప్రశ్నల క్లిష్టత మారుతుంటుంది. అందువల్ల 85వ ప్రశ్నతోనే పరీక్ష ముగిసినంత మాత్రాన ఉత్తీర్ణులైనట్లు గాని, తప్పినట్లు గాని భావించరాదు.

కాగా, పరీక్ష రుసుము 200 డాలర్లు. భారత్‌లోని కేంద్రాలలో రాసేవారు అదనంగా 150 డాలర్లు చెల్లించాలి. తప్పినవారు కనీసం 45 రోజులు ఆగి, తిరిగి రుసుము కట్టవలసిందే. తగిన సాధన లేకుండా తొందరపడితే నష్టపోయేది అభ్యర్థులే.