ఒక్క ‘పట్టు’కు ఇంగ్లీషులో ఎన్ని మాటలు?

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఏదైనా తీసి చూడండి. టేక్, క్యాచ్, సీజ్, గ్రాబ్, గ్రాస్ప్, క్లచ్, స్నాచ్, హోల్డ్ – ఏ మాట దగ్గరికి వెళ్లినా ఎక్కడో ఒకచోట ‘పట్టుకొను’ అన్న అర్థం ఎదురవుతుంది. ఇంగ్లీషు పాఠం చెప్పే నాలాంటి వాణ్ణి ప్రతి ఏడూ ఎవరో ఒక విద్యార్థి అడగనే అడుగుతాడు: “అన్నిటికీ అర్థం ఒకటే అయినప్పుడు ఇన్ని మాటలెందుకు సార్? ఏది రాస్తేనేం?” న్యాయమైన ప్రశ్నే. గంట కొట్టేలోగా చెప్పగలిగిన జవాబు కాదు గనుక ఈ సంచికలో రెండు పుటలు అడిగి పుచ్చుకున్నాను.

ముందు మన ఇంటి సంగతి చూద్దాం. మన ‘పట్టు’ సామాన్యమైన మాట కాదు. చేపలు పడతాం, కుళాయి దగ్గర నీళ్లు పడతాం. ఇనుముకు తుప్పు పడుతుంది, ఒంటికి చెమట పడుతుంది, ఊరు చేరడానికి రెండు గంటలు పడుతుంది. అది ఎలాంటి పట్టో పక్కనున్న మాట చెబుతుంది. ఇంగ్లీషులో ఆ బరువు చాలావరకు క్రియ మీదే పడింది. పట్టుకున్నవాడెవడు, ఏ హక్కుతో పట్టుకున్నాడు, ఎంత తొందరగా పట్టుకున్నాడు – ఇవన్నీ క్రియలోనే తేలిపోవాలి.

నేల సంగతే తీసుకోండి. ప్రభుత్వం ప్రజల భూమి తీసుకుంటే అది అక్విజిషన్. 1894 నాటి చట్టం పేరులోనూ అదే మాట, దాన్ని తోసిరాజని 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన చట్టం పేరులోనూ అదే మాట. హక్కు లేనివాడు వచ్చి కంచె వేసుకుంటే అది గ్రాబింగ్. ఆంధ్రప్రదేశ్‌లో 1982లో ఇలాంటివాళ్ల మీద చేసిన చట్టానికి ల్యాండ్ గ్రాబింగ్ నిషేధ చట్టమనే పేరు పెట్టారు. నేల అదే, చేతులు మారడమూ అదే. మనమూ మొదటిదాన్ని సేకరణ అంటాం, రెండోదాన్ని కబ్జా అంటాం. ఈ కబ్జా అరబ్బీ మాట. దాని అసలు అర్థం కూడా పిడికిట పట్టుకోవడమే.

ఇక సీజ్. ఇప్పుడు పోలీసులు లారీని సీజ్ చేస్తే మనకు జప్తు గుర్తుకొస్తుంది గాని, ఈ మాట పుట్టినప్పుడు దాని దారి వేరు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వారి ఫ్రెంచి న్యాయభాషతో పాటు వచ్చిన మాట ఇది. ఒకడికి భూమిని స్వాధీనపరచడమే అప్పటి అర్థం. భూమి ఇచ్చేవాడు ఆ నేల మీదనే నిలబడి, సాక్షుల ఎదుట ఒక మట్టిగడ్డో చెట్టురెమ్మో పుచ్చుకునేవాడి చేతిలో పెట్టేవాడు. దాంతో భూమి అతనిదైనట్టు. ఇవ్వడంలో పుట్టిన మాట లాక్కోవడం దాకా వచ్చింది! అయినా చట్టం వాసన మాత్రం దాన్ని వదల్లేదు. అందుకే దొంగ స్నాచ్ చేస్తాడు, అధికారి సీజ్ చేస్తాడు.

ఇది వట్టి పాండిత్యం కాదు. కొన్నేళ్ల కిందట మా విద్యార్థి ఒకడు ఫీజు బాకీ ఉన్నందుకు అంతకు ముందు చదివిన కళాశాలవారు సర్టిఫికెట్లు ఇవ్వడం లేదని పైఅధికారులకు ఇంగ్లీషులో అర్జీ రాసుకుని నా దగ్గరికి తెచ్చాడు. అందులో ‘స్నాచ్డ్’ అని ఉంది. అలా రాస్తే వాళ్లు చేతిలోంచి లాక్కుని పారిపోయినట్టు. కొట్టేసి ‘సీజ్డ్’ అని పెట్టాడు. అది ఇంకా ప్రమాదం, వాళ్లకు చట్టాధికారం ఉందని మనమే ఒప్పుకున్నట్టు ధ్వనిస్తుంది. చివరికి ‘విత్‌హెల్డ్’ అన్న మాట కుదిరింది. హోల్డ్ అంటే పట్టి ఉంచడం. ముందున్న విత్‌కు నేడు ‘తో’ అని చెప్పుకుంటున్నాం గాని పాత ఇంగ్లీషులో ‘ఎదురుగా’ అని అర్థం. విత్‌హెల్డ్ అంటే ఇవ్వవలసిన దాన్ని ఇవ్వకుండా అట్టిపెట్టుకోవడం. ఆ కుర్రాడి ఫిర్యాదంతా ఆ ఒక్క మాటలో ఉంది. పదిహేను రోజులకు సర్టిఫికెట్లు వచ్చాయి. మాట వల్ల వచ్చాయో, వాళ్ల నాన్న మిగిలిన బాకీ కట్టడం వల్ల వచ్చాయో నేను చెప్పలేను.

మరి ఇన్ని మాటలు ఎక్కడినుంచి వచ్చాయి అంటారా? వచ్చిన ప్రతివాడూ ఒకటి ఇచ్చిపోయాడు. టేక్ అన్న చిన్నమాట కూడా ఇంగ్లీషువాడి సొంతం కాదు. ఓడల మీద వచ్చిపడిన స్కాండినేవియా వాళ్లది. దానికి ముందు ‘నిమన్’ అనేవారు. ఆ మాట పోయింది గాని, దాని తునక ఒకటి ‘నమ్’ అనే ఉచ్చారణతో మిగిలింది. చలికి చెయ్యి మొద్దుబారితే అనే మాట అది. చలి ‘పట్టేసిన’ చెయ్యి అన్నమాట. మనం కూడా కాలికి తిమ్మిరి పట్టింది అనే కదా అంటాం! క్యాచ్, చేజ్ అక్కచెల్లెళ్లు. ఒకే లాటిన్ మాట నార్మండీ ఫ్రెంచిలోంచి వచ్చి క్యాచ్ అయింది, నడిమి ఫ్రాన్సు ఫ్రెంచిలోంచి వచ్చి చేజ్ అయింది. తరిమేదొకటి, పట్టేదొకటి.

గ్రాబ్‌కూ, వేదభాషలోని ‘గ్రభ్’ ధాతువుకూ చుట్టరికం ఉందని చాలామంది భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ గ్రభే తరవాత గ్రహ్ అయింది. పాణిగ్రహణంలో ఉన్నదీ అదే, సూర్యగ్రహణంలో ఉన్నదీ అదే. పాఠం గ్రహించడంలోనూ అదే. ఇంగ్లీషులో గ్రాస్ప్ కూడా చేతికీ పనికొస్తుంది, బుద్ధికీ పనికొస్తుంది. పరీక్షలో మిమ్మల్ని భయపెట్టే కాంప్రహెన్షన్ కూడా లాటిన్‌లో పట్టుకోవడమే. ప్రిజన్, సర్‌ప్రైజ్, అప్రెంటిస్ కూడా ఆ కుదురులోవే. పట్టి లోపల వేస్తే జైలు, ఊహించనప్పుడు పట్టుకుంటే ఆశ్చర్యం, పని పట్టుకుంటే అప్రెంటిస్.

లాగడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క తారుమారవుతుంది. తాడు లాగుతాం, తెలంగాణలో గుంజుతాం, బరువును ఈడుస్తాం, కలుపు పీకుతాం, బావిలోంచి నీళ్లు తోడుతాం, చేదుతాం. ఇంగ్లీషువాడు నీళ్లు తోడినా డ్రా, బొమ్మ గీసినా డ్రా, జీతం పుచ్చుకున్నా డ్రా, ఆటలో ఎవరూ గెలవకపోయినా డ్రాయే. లాటిన్‌లో లాగడానికున్న మాటనుంచి ట్రాక్టరూ, ట్రైనూ, కాంట్రాక్టూ, అట్రాక్షనూ వచ్చాయి. పన్ను పీకించుకుంటే కూడా ఆ మాట తప్పదు. కుర్చీలో ఉన్నంతసేపూ అది పుల్, బయటికొచ్చాక రసీదులో ఎక్స్‌ట్రాక్షన్. నొప్పి మొదటిదానికి, డబ్బు రెండోదానికి.