ఇప్పచెట్టు కింద ఇద్దరు

ఎర్రబోరు పేరు వినగానే తెలుగువారికి గుర్తొచ్చేది 2006 జూలై. సల్వాజుడుం శిబిరంపై మావోయిస్టులు జరిపిన దాడిలో ఆ రాత్రి 30 మందికి పైగా చనిపోయారు. తుపాకుల భయం సంగతి అలా ఉంచితే, సుక్మా అడవుల్లో ఏటా మార్చిలో మొదలయ్యే భయం మరొకటి ఉంది. అది ఎలుగుబంటి భయం.

ఇప్పపువ్వు రాత్రంతా రాలుతుంది. పశువుల నోట పడకముందే ఏరుకోవాలని ఆదివాసీ మహిళలు చీకటితోనే గంపలతో బయల్దేరతారు. ఎండబెట్టిన పువ్వు సంతకు చేరితేనే ఇంట్లోకి ఉప్పూ నూనే వస్తాయి. సరిగ్గా ఆ వేళకే ఎలుగు కూడా చెట్టు కిందికి చేరుతుంది. దాని చూపు అంతంత మాత్రం. మనిషి హఠాత్తుగా ఎదురైతే బెదిరి మీదపడుతుంది. గోళ్ల దెబ్బ ఎక్కువగా ముఖానికే.

అడవిలో రుతువు మారితే ఎలుగు తిండీ మారుతుంది. చలికాలంలో రేగుపళ్లు, వేసవి మొదట్లో ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికి, నేరేడు. పళ్లు లేనప్పుడు చెదలు, చీమలు, తేనె. పై దవడలో ముందుపళ్లు రెండు లేకపోవడంతో పుట్టలోని చెదల్ని ఆ సందులోంచి పీల్చేస్తుంది.

ఈ క్రమం చెదిరితే ఏమవుతుందో కెనడాలోని హడ్సన్ బే చెబుతోంది. సముద్రపు మంచు త్వరగా కరిగిపోయి, సీళ్లను వేటాడే ధ్రువపు ఎలుగులు ఎక్కువ రోజులు నేలమీదే గడపాల్సివస్తోంది. వాటి మలాన్ని 1960ల చివర్లో ఒకసారి, 2006-08లో మరోసారి పరిశీలించిన శాస్త్రవేత్తలకు బాతుజాతి పక్షులు, గుడ్లు, కారిబూ దుప్పుల వాటా పెరిగినట్టు తేలింది. నేలమీది తిండితో బతికేస్తాయిలే అన్న ఆశ పుట్టింది. 2024లో వెలువడిన అధ్యయనం ఆ ఆశపై నీళ్లు చల్లింది. వేసవిలో గమనించిన 20 ఎలుగుల్లో 19 బరువు తగ్గాయి. సీలు కొవ్వుకు బెర్రీ పళ్లు సాటిరాలేదు.

బస్తర్ ఎలుగుది మొదటి నుంచీ నేలమీది తిండే. అయితే అడవి పలచబడినచోట అదీ కొత్త మేత వెతుక్కుంటోంది. మొక్కజొన్న, వేరుశనగ చేలల్లో పడుతోంది. కాంకేర్ పట్టణ వీధుల్లోకి వస్తోంది. మహాసముంద్ జిల్లా చండీమాత ఆలయంలోనైతే ప్రసాదానికి అలవాటు పడిపోయింది. జనం దాన్ని వింతగా చూస్తున్నారు గానీ, మనిషి దగ్గర తిండి దొరుకుతుందని ఎలుగు నేర్చుకోవడం ఇద్దరికీ ప్రమాదమే.

ఇప్పచెట్టు కింద మరో చిక్కు కూడా ఉంది. పువ్వు స్పష్టంగా కనబడాలని ఎండుటాకులకు నిప్పు పెడతారు. ఆ మంటలో ఇప్ప మొలకలు, తునికి మొక్కలు మాడిపోతాయి. అంటే రేపు మనిషికీ, ఎలుగుకీ దక్కాల్సిన తిండి ఈరోజే కాలిపోతోందన్నమాట.

ఛత్తీస్‌గఢ్‌లో కొన్నిచోట్ల చెట్టు కింద వలలు కడుతున్నారు. పువ్వు వలలో పడుతుంది కనుక నిప్పు పెట్టక్కర్లేదు. నేలకు తగలని శుభ్రమైన పువ్వుకు ధరా ఎక్కువే. చీకట్లో ఒంటరిగా పరుగెత్తకుండా, తెల్లవారాక నలుగురూ కలిసి వెళ్లే వీలుంటుంది. ధ్రువాల మంచును నిలబెట్టడం హడ్సన్ బే తీరవాసుల ఒక్కరి చేతిలో లేదు. ఇక్కడ మాత్రం కొంత పరిష్కారం ఓ వల ఖరీదులోనే ఉంది. అది ఎర్రబోరు లాంటి ఊళ్లదాకా చేరాలి.